ఒకే వేలు, రెండు జవాబులు

చిలకలపూడి అంటే రోల్డ్‌గోల్డ్ నగలు. లోహపు తీగ వంచడం, టంకం పెట్టడం, యాసిడ్‌లో కడగడం, మెరుగుపెట్టి బంగారు పూత వేయడం ఇక్కడ ఎన్నో ఇళ్లకు బతుకుతెరువు. ఏళ్ల తరబడి అలాంటి పని చేసిన వేళ్ల గీతలు అరిగిపోవడం మామూలే.

ఫోన్ తెరకు ఆ గీతలతో పనిలేదు. గాజు కింది విద్యుత్ క్షేత్రాన్ని చర్మం కాస్త కదిలిస్తే చాలు, తాకిన చోటు తెలిసిపోతుంది. 1965లో ఇంగ్లండ్‌లో ఇ.ఎ. జాన్సన్ ప్రతిపాదించిన టచ్‌స్క్రీన్ కిటుకూ ఇదే. రేషన్ షాపులో ఆధార్ వేలిముద్ర సరిచూసే ఈ-పోస్ యంత్రం మాత్రం గీతలే అడుగుతుంది. వాట్సాప్ తెరిచిన వేలే అక్కడ ‘తుడిచి మళ్లీ పెట్టమ్మా’ అనిపించుకుంటుంది!

ఇందులో వేలి తప్పేమీ లేదు. కనుపాప, ముఖ గుర్తింపు, ఓటీపీ ఆధార్‌లో ఇప్పటికే ఉన్నాయి. చేతిపనివారి ఊళ్లలో వేలిముద్ర ఒకసారి పడకపోతే డీలరే వాటికి మారాలి, కార్డుదారు బతిమాలేదాకా ఆగకూడదు.