సిద్ధాంతి గారు వచ్చారు, ఇంజనీరు రాలేదు

ఫ్లాటు కొనేముందు మన ఇళ్ళల్లో ఎంతమంది వెళ్ళి చూసొస్తారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ముందు ఇంటాయన వెళ్తారు. తర్వాత బావగారు, పెదనాన్నగారు. ఆ పైన వాస్తు సిద్ధాంతి గారు దిక్సూచి పట్టుకుని వస్తారు. లాయరు గారు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసి ఫీజు తీసుకుంటారు. లోను కోసం బ్యాంకు ఒక మనిషిని పంపుతుంది. ఇంత ఊరేగింపు జరిగాక కూడా, గోడలో చెమ్మ ఉందా, బాత్‌రూము నీళ్ళు కిందికి దిగుతున్నాయా, ప్లగ్గుకి ఎర్తింగు ఉందా అని చూసే మనిషి మాత్రం ఆ గడప తొక్కడు. ఆ పనికి తెలుగులో ఒక ఇంటిమాట కూడా ఇంకా పుట్టలేదు. తనిఖీ అంటే పోలీసులు గుర్తొస్తారు.

నేను సిద్ధాంతి గారికి వ్యతిరేకిని కాను. మా ఇంట్లోనూ చూపిస్తాం. కానీ సంపు ఈశాన్యంలో ఉందా లేదా అని అంత పట్టుగా చూసినవాళ్ళం, ఆ సంపులోకి పక్కనున్న డ్రైనేజీ ఊట వస్తోందేమో చూడొద్దా? వంటగది ఆగ్నేయంలోనే ఉంది, సంతోషం. ఆ వంటగది సింకు నీళ్ళు బాల్కనీలో ఎందుకు పొంగుతున్నాయో ఎవరు చెప్పాలి?

ఈ మాట అనగానే మగవాళ్ళు చెప్పే మొదటి జవాబు నాకు కంఠతా వచ్చు. "బ్యాంకు ఇంజనీరు చూసి ఓకే అన్నాడు కదా." ఆయన బ్యాంకు మనిషి. మీరు వాయిదాలు ఎగ్గొడితే ఈ ఫ్లాటు అమ్మి తన బాకీ రాబట్టుకోవచ్చా అన్నది బ్యాంకు ప్రశ్న. దానికి ఎన్ని అడుగులు, ప్లాను ప్రకారం ఉందా, ఆ వీధిలో రేటు ఎంత అన్నది తెలిస్తే చాలు. టైలు తట్టి చూడమనీ, కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి చూడమనీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పనిది ఆయన ఎందుకు చేస్తారు?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత పుట్టిన రోజుల్లో ఇల్లు కళ్ళముందు లేచేది. మా తాతయ్య సైటు దగ్గరే మంచం వేసుకుని పడుకునేవారట. ఇసుక లారీ వస్తే గుప్పెడు తీసి నలిపి చూడటం, స్లాబు వేశాక దాని మీద మడులు కట్టి నీళ్ళు నిలపడం, మేస్త్రీ మధ్యాహ్నం కునుకు తీస్తే లేపడం ఆయన పనులు. ఆ ఇంట్లో ఏ గోడ వెనక ఏముందో ఆయనకి తెలుసు. ఇప్పుడు మనం పుట్టీ కొట్టి, రంగు వేసి, ఫాల్స్ సీలింగ్ కప్పేసిన తర్వాత చూస్తున్నాం. కట్టేటప్పుడు చూసే అవకాశం పోయినప్పుడు, చూడటం తెలిసిన మనిషికి డబ్బిచ్చి చూపించుకోవాలి. ఈ మధ్య హైదరాబాదులో ఇదే పనిగా చేసే సంస్థలు వచ్చాయి. లేని ఊళ్ళో బిల్డరుతో సంబంధం లేని సివిల్ ఇంజనీరు ఒకరు, ఎలక్ట్రీషియన్ ఒకరు వచ్చినా చాలా నయం.

వాళ్ళు చేసేది మాయ కాదు. టైలు మీద కర్రతో తట్టుకుంటూ పోతారు. డొల్లగా మోగితే కింద సిమెంటు సరిగ్గా పట్టలేదని. గోడకి చెమ్మ కొలిచే మీటరు ఆనించి చూస్తారు. కొత్తగా రంగు వేసిన గోడ కంటిని మోసం చేస్తుంది గానీ మీటరుని చేయలేదు. బాత్‌రూము జాలీ మూసి ఒక రోజంతా నీళ్ళు నిలిపి, కింది ఫ్లాటు సీలింగు చూస్తారు. బాల్కనీలో చెంబుడు నీళ్ళు పోసి వాలు ఎటుందో చూస్తారు. ప్రతి ప్లగ్గులో టెస్టర్ పెట్టి ఎర్తింగు నిజంగా ఉందా, మూడో బెజ్జం ఊరికే అలంకారానికి పెట్టారా అని చూస్తారు. గీజరు స్విచ్చి వేసి తడి చేత్తో కుళాయి తిప్పేది మనమే కాబట్టి నాకు ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. స్లాబు లోపల ఊచలు ఎలా కట్టారో ఆయనకీ కనిపించదు. రిపోర్టు అంటే గ్యారంటీ కాదు. అయినా, ఏమీ తెలియకుండా సంతకం పెట్టడానికీ, తెలిసి పెట్టడానికీ తేడా లేదంటారా?

మా ఆడపడుచు విజయవాడలో ఒక పాత ఫ్లాటు కొంది. సంక్రాంతి వెళ్ళిన వారానికి చూశారు, మాఘమాసంలో రిజిస్ట్రేషను. అమ్మినవాళ్ళు పడకగదిలో ఒక గోడకి మాత్రం కొత్త రంగు వేసి, దానికి బీరువా ఆనించి పెట్టారు. శ్రావణం వచ్చేసరికి ఆ గోడ పెచ్చులు లేచింది. పైఫ్లాటు బాత్‌రూము నీళ్ళు అవి. పైవాళ్ళు మాకు సంబంధం లేదన్నారు, అసోసియేషను వాళ్ళు అది మీరూ మీరూ తేల్చుకోండి అన్నారు, అమ్మినాయన ఫోను ఎత్తడం మానేశారు. "వదినా, పరుపు హాల్లో వేసుకుని మూడు నెలలైంది" అంది నాతో. ఆ ఫ్లాటు అడ్వాన్సుకి పోయింది దాని నాలుగు పేటల గొలుసు. గొలుసు అడగడానికి ఎవరికీ మొహమాటం లేదు. "ఈ బీరువా ఒకసారి జరపండి" అనడానికే అందరికీ మొహమాటం వచ్చింది.

చట్టం ఈ మొహమాటాన్ని లెక్కలోకి తీసుకోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, అమ్మేవాడు తనకి తెలిసిన ముఖ్యమైన లోపం కొనేవాడికి చెప్పి తీరాలి. అయితే అది కొనేవాడు మామూలు శ్రద్ధతో కనిపెట్టలేని లోపం అయినప్పుడు. అంటే కాస్త చూస్తే దొరికేదాన్ని చూసుకోవలసింది మనమే. బీరువా వెనక గోడ ఇందులో ఎటు పడుతుందో వాదించడానికి లాయరు గారికి మళ్ళీ ఫీజు.

కొత్త ఫ్లాటు అయితే రెరా ఉంది కదా అంటారు. ఉంది, మంచి చట్టమే. 2016 చట్టం 14వ సెక్షను కింద, తాళాలు ఇచ్చిన ఐదేళ్ళ లోపు కట్టడంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడి బిల్డరుకి చెబితే, 30 రోజుల్లో పైసా అడగకుండా బాగుచేయాలి. కానీ 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టేవాటికి రెరాలో నమోదే అక్కర్లేదు. అంటే సుమారు 600 గజాలు. మన ఊళ్ళల్లో మూడొందల గజాల్లో, నాలుగొందల గజాల్లో లేచే అపార్టుమెంట్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. నమోదైనవాటిలోనూ, చేరేనాటికి ఏ పగులు ఉంది, ఏది తర్వాత వచ్చింది అన్న తగాదా వస్తే మన చేతిలో ఏముంటుంది? తారీకు వేసిన ఒక రిపోర్టు, నాలుగు ఫోటోలు ఉంటే మాట నిలుస్తుంది. లేకపోతే "మీరు మేకులు కొట్టుకున్నారమ్మా" అంటారు.

ఇక ఖర్చు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అరవై లక్షల ఫ్లాటుకి నాలుగున్నర లక్షలు, నోరెత్తకుండా కడతాం. గృహప్రవేశం భోజనాలకి ఎంతవుతుందో చెప్పక్కర్లేదు. ఈ తనిఖీకి అయ్యేది ఆ భోజనాల్లో స్వీటు ఖర్చు పాటి. ఆ డబ్బు దండగ అనేవాళ్ళని ఒకటి అడుగుతాను. పాత స్కూటరు కొనేటప్పుడు మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్తారు కదా, అప్పుడు దండగ అనిపించలేదేం?

అసలు చిక్కు ముహూర్తంతో వస్తోంది. డేటు ముందే పెట్టేస్తాం, కార్డులు పంచేస్తాం, అమెరికా నుంచి పిల్లలకి టిక్కెట్లు కొనేస్తాం. బిల్డరుకి అంతకన్నా కావలసిందేముంది? "ముందు పాలు పొంగించుకోండమ్మా, చిన్నచిన్నవి తర్వాత చేయిస్తాం" అంటాడు. చివరి చెక్కు చేతికొచ్చాక ఆ మేస్త్రీ వేరే సైటులో ఉంటాడు. ఆ తర్వాత ఆయన కోసం రోజూ పదకొండింటి నుంచి తలుపు తీసుకుని కూర్చునేది ఎవరు? ఆఫీసుకి వెళ్ళేవాళ్ళా? కారే కుళాయి కింద బకెట్టు మార్చేదీ, వెనక్కి తన్నే మురుగు నీళ్ళు తోసేదీ మనం. అందుకే ఈ విషయంలో ఇంట్లో ఆడవాళ్ళే మొండికేయాలని నా అభిప్రాయం. కర్టెన్ల రంగు మాత్రమే మనల్ని అడిగితే ఒప్పుకోకండి.

"మా మీద నమ్మకం లేదా అమ్మా" అని బిల్డరు నొచ్చుకుంటాడు. నొచ్చుకోనివ్వండి. ఆయన మన చెక్కు చెల్లేదాకా తాళాలు ఇవ్వడు, దాన్ని మనం అపనమ్మకం అనుకున్నామా? కొనే ఒప్పందం రాసుకునేటప్పుడే ఒక వాక్యం చేర్పించండి. మేము పంపిన ఇంజనీరు చూసి, రాసిచ్చినవి సరిచేశాకే చివరి మొత్తం ఇస్తామని. పాత ఇల్లయితే అడ్వాన్సు ఇవ్వకముందే చూపించండి, వీలైతే ఒక గట్టి వాన పడిన మర్నాడు. బీరువాలు, మంచాలు జరపమని అడగండి. పైఫ్లాటు తలుపు తట్టి బాత్‌రూము ఎప్పుడు బాగుచేయించారో కనుక్కోండి, కాఫీ ఇస్తే తాగి మరీ రండి. ఈలోగా ముహూర్తం దాటిపోతే సిద్ధాంతి గారికే ఫోను చేయండి, ఇంకోటి పెట్టిస్తారు.