గుమ్మానికి అన్‌డూ లేదు

కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని మొదలయ్యాక మన సాఫ్ట్‌వేర్ జనాల్లో చాలామందికి ఓ కొత్త పిచ్చి పట్టుకుంది. పనిముట్ల పిచ్చి. మొదట డ్రిల్లు, తర్వాత జిగ్ సా, ఇప్పుడు అరచేతిలో ఇమిడే చిన్న సాండర్. మంచిదే. రోజంతా తెర మీద అక్షరాలు తోసేవాడికి, చేత్తో ఏదో ఒకటి చేశానన్న తృప్తి చిన్నదేం కాదు. నా గొడవ మిషన్‌తో కాదు. కొన్న వారానికే దాన్ని ఊరికి పట్టుకెళ్లి తాతల నాటి గుమ్మం మీద పెట్టేస్తున్నాం చూడండి, అక్కడే నా అభ్యంతరం.

మాది అలంపూర్. మా పాత ఇళ్ల తలుపుల మీద రంగు ఒక పూత కాదు, ఓ చరిత్ర. ఇంట్లో పెళ్లి వచ్చినప్పుడల్లా ఒక పూత. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, ఇంకా కిందికి పోతే ఏ ఎరుపో. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధనలు మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అంతకుముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగుల్లో, సీసం బాగా ఉండే అవకాశం ఉంది. తలుపు మీద ఉన్నన్నాళ్లూ అది ఊరికే పడి ఉంటుంది. మనం సాండర్ పెట్టి దాన్ని పిండిలా చేసి ఇల్లంతా చల్లుతాం. పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది, ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ముక్కుకి కట్టుకున్న చేతిరుమాలు ఆ దుమ్ముని ఆపదు.

అంచేత పాత రంగు మీద మిషన్ వద్దు. పెయింట్ రిమూవర్ రాసి, రంగు మెత్తబడ్డాక గీకి తీయండి. లేదా తడిపి, చేత్తోనే రుద్దండి. మంట పెట్టి కాల్చే పద్ధతీ వద్దు, సీసం పొగై లోపలికి పోతుంది. రాలిన పొట్టుని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తేయండి. పని అయ్యేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

చెక్క బయటపడ్డాక సాండర్‌ని మించింది లేదు, ఒప్పుకుంటాను. నలుచదరం అడుగున్న చిన్న రకానికి మామూలు ఉప్పు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఒకటి తొడిగితే చాలు. గుండ్రటి రకానికి 5 అంగుళాల బిళ్లలు దొరుకుతాయి. నిమిషానికి 12 వేల నుంచి 14 వేల చిన్న చిన్న సున్నాలు చుడుతుంది కాబట్టి మనం నొక్కాల్సిన పనే లేదు. నొక్కితే చెక్క మీద మెలికల గీతలు పడతాయి, అవి పాలిష్ వేశాక గానీ కనపడవు! 80తో మొదలుపెట్టి 120, 180, 220 వరుసగా వెళ్లాలి. మధ్యలో ఒక నంబరు ఎగరగొడితే ముందరి గీతలు అలాగే ఉండిపోతాయి. మాస్కు తప్పదు. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ఐఏఆర్‌సీ 1995లోనే తేల్చింది.

ఇక చెక్కుడు పని ఉన్న ద్వారబంధం సంగతి. మా వడ్రంగి ఒక్క మాటే చెప్పాడు: "చదునుగా ఉన్నకాడ పెట్టు సార్, పూలకాడికి మాత్రం తేవొద్దు." ఎందుకంటే మిషన్‌కి ఎత్తుగా ఉన్నదే ముందు దొరుకుతుంది. పువ్వు రేకు అంచు ఒకసారి మొద్దుబారిందంటే అంతే, కంట్రోల్ జెడ్ కొట్టడానికి లేదు. బ్యాకప్ లేని ప్రొడక్షన్ సర్వర్ మీద ప్రయోగాలు చేస్తామా?

శ్రీశైలం జలాశయంలో మునగకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌కి తెచ్చి మళ్లీ కట్టారు. గుళ్ల విషయంలో అంత శ్రద్ధ ఉంది. నవబ్రహ్మ ఆలయాల శిల్పాల మీద ఎవరైనా మిషన్ పెడతానంటే ఊరుకుంటామా? ఇళ్ల గుమ్మాలకి మాత్రం కాపలా ఎవరూ లేరు, మనమే.

"మిషన్ కొన్నాక వడ్రంగికి కూలి దండగ" అనేవాళ్లున్నారు. నా లెక్క వేరు. మిషన్ కొనండి, దాంతోపాటు రెండు ఎన్95 మాస్కులు కొనండి, ఒకటి మీకు, ఒకటి వడ్రంగికి. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో అతన్ని చెప్పనివ్వండి. చదును పని మీరు చేసుకోండి, చెక్కుడు పని అతనికి వదిలేయండి. రెండు రోజుల కూలి మిగులుతుందని గుమ్మం పోగొట్టుకోవడం ఏ లెక్కన లాభమో నాకైతే అర్థం కాదు.

పండక్కి ఊరెళ్లేవాళ్లు ఒకసారి ఆలోచించండి. కొత్త సాండర్ మీద చెయ్యి కుదరాలంటే ముందు ఓ పాత స్టూలు మీద మొదలుపెట్టండి, అది పోయినా ఎవరూ ఏడవరు :-)