ముందు రాయడం రానివ్వండి, ట్యాగులు తర్వాత



పోయిన పేరెంట్ మీటింగులో ఒక తండ్రి నన్ను సూటిగా అడిగారు: "సార్, సిలబస్‌లో హెచ్‌టీఎంఎల్ ఉంటే మీరు మార్క్‌డౌన్ అంటూ సులువు దారి చూపిస్తున్నారేమి? ఫీజు కట్టేది కష్టమైనది నేర్పించడానికే కదా?" న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది.

మన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తమ ప్రాంతం గురించి ఒక వెబ్‌సైట్ తయారు చేస్తున్నారు. ప్రొద్దుటూరు పిల్లలు దగ్గర్లోని కలమళ్ల శాసనం గురించి, జమ్మలమడుగు వాళ్లు గండికోట గురించి, పులివెందుల వాళ్లు చీనీ, అరటి తోటల గురించి రాస్తున్నారు. ఇది స్టాటిక్ సైట్. పేజీలు ముందే తయారై ఉంటాయి, ఎవరు తెరిచినా అదే కనిపిస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌లో ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు.

దీన్ని హెచ్‌టీఎంఎల్‌లో రాయాలంటే ప్రతి హెడ్డింగుకూ, పేరాకూ ముందొక ఇంగ్లీషు ట్యాగు, చివర మరొకటి కావాలి. తెలుగులో టైపు చేసే పిల్లవాడు మాటిమాటికీ కీబోర్డు మార్చుకోవాలి. గంట గడిచేసరికి తెర నిండా ట్యాగులుంటాయి, గండికోట గురించి మాత్రం రెండు వాక్యాలు కూడా ఉండవు.

2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన మార్క్‌డౌన్‌లో ఇంగ్లీషు మాటలు అక్కర్లేదు, గుర్తులు చాలు. ఒక హ్యాష్, కాస్త ఖాళీ, తర్వాత "కలమళ్ల శాసనం" అని రాస్తే అది హెడ్డింగు అవుతుంది. బోల్డ్ కావాలంటే మాటకు రెండు వైపులా రెండేసి చుక్కగుర్తులు పెట్టాలి. పేరాల మధ్య ఒక వరుస ఖాళీ వదలాలి. దాన్ని హెచ్‌టీఎంఎల్‌గా మార్చే పని జెకిల్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా పెరిగింది కూడా ఇలాంటి తేలిక గుర్తులతోనే.

హెచ్‌టీఎంఎల్ వదిలేస్తామని కాదు. తన పేజీ సోర్స్‌ను బ్రౌజరులో తెరిస్తే, తాను పెట్టిన హ్యాష్ ఏ ట్యాగుగా మారిందో పిల్లవాడికే కనిపిస్తుంది. అలా నేర్చుకున్న ట్యాగు పరీక్ష అయిపోయాక కూడా గుర్తుంటుంది.

నా అసలు బాధ వేరే ఉంది. ప్రాజెక్టులను బయట డబ్బిచ్చి చేయించడం మనకు అలవాటైపోయింది. గిట్‌హబ్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదవుతుంది. చివరి రోజు ఒక్కసారిగా వచ్చిపడిన అందమైన పేజీ ఏదో, పది రోజులు దిద్దుకుంటూ వచ్చిన పేజీ ఏదో తెలిసిపోతుంది. తప్పులున్నా సరే, నా మార్కులు రెండోదానికే.

ఒక జాగ్రత్త. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఫొటో పేజీలో పెట్టనివ్వకండి. తర్వాత తీసేసినా పాత మార్పుల్లో అవి మిగిలే ఉంటాయి. 13 ఏళ్లు నిండనివారికి గిట్‌హబ్ ఖాతా ఉండకూడదు, వాళ్ల ఫైళ్లను మేమే ఎక్కిస్తాం.

ఈ ఆదివారం మీ అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ పేజీలో ఒక వాక్యం నా ముందే మార్చి చూపించు" అనండి. రెండు నిమిషాల్లో మార్చగలిగితే ఆ పని మీ బిడ్డదే. మార్చలేకపోతే కోప్పడకండి, నాకు చెప్పండి. మళ్లీ మొదటి నుంచి నేర్పిస్తాను.

— మీ కంప్యూటర్ ఉపాధ్యాయుడు