మల్ల ఎప్పుడొస్తరు?

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు గూడేల్లో వైద్య శిబిరం ముగిసి టెంటు విప్పుతుంటే వినబడే ప్రశ్న: "మల్ల ఎప్పుడొస్తరు బిడ్డా?" పది రోజుల బీపీ గోలీలు కొంగున ముడేసుకున్న అవ్వ అడుగుతుంది. పదకొండో రోజు బెంగ ఆమెది. ఈ సంచికలోని కథనాలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ పెద్ద సంస్థలను సగటు నికర లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టమంటుంది. ఉద్యోగులు ఉచితంగా ఇచ్చే సమయం ఆ లెక్కలోకి రాదు. అందుకే ఆదివారం సెలవు మానుకుని, ఈ శిబిరాల కోసం హైదరాబాద్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు ఆదిలాబాద్ దాకా వచ్చే మందుల కంపెనీల, ఆసుపత్రుల ఉద్యోగులంటే మాకెంతో గౌరవం.

అయితే ఒక్కరోజు శిబిరం చాలదు. ముథోల్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990లలోనే కంటి కేంద్రం తెరిచింది. కరీంనగర్ పక్కనే రేకుర్తి లయన్స్ కంటి ఆసుపత్రి ఉంది. రేపు పోయినా తలుపు తీసే ఉంటుందన్న ధీమా అక్కడి జనానిది.

ఉద్యోగ మిత్రులారా, వానాకాలం జ్వరాల రోజుల్లో రండి. గోండి తెలిసినవారిని వెంట తెచ్చుకోండి. వెళ్లేముందు రోగుల జాబితా ఆశా కార్యకర్త చేతిలో పెట్టండి. గోలీలు అయిపోకముందే మళ్లీ రండి.

- సంపాదకుడు