ధరలు తగ్గితే పండగేనా?

'ద్రవ్యోల్బణం తగ్గింది' అని పేపర్లో చదివి, సంచీ పట్టుకుని బజారుకెళితే నిరాశే. నిరుడు వంద రూపాయలున్న సరుకు ఈ ఏడు నూట పది, మరుసటేడు నూట పదమూడు అయిందనుకోండి. లెక్కప్రకారం ద్రవ్యోల్బణం తగ్గినట్టే! ధర మాత్రం పెరిగింది. పరుగు కాస్త నెమ్మదించిందంతే. దీన్ని డిస్‌ఇన్‌ఫ్లేషన్ అంటారు.

డిఫ్లేషన్ అది కాదు. సరుకులు, సేవల ధరలు మొత్తమ్మీద పడిపోతూ ఉండటం. టమాటా ఒక్కటీ చవకైతే డిఫ్లేషన్ అనరు. ఊదడమనే అర్థమున్న లాటిన్ మాట దీనికి మూలం. ఇన్‌ఫ్లేషన్ గాలి కొట్టడమైతే, డిఫ్లేషన్ గాలి తీయడం. మన పత్రికలు 'ప్రతి ద్రవ్యోల్బణం' అని రాస్తుంటాయి. ఇక్కడ 'ప్రతి' అంటే ఒక్కొక్కటీ అని కాదు, ఎదురు అని. నోరు తిరగని మాటే, ఏం చేస్తాం!

2009 జూన్‌లో టోకు ధరల సూచీ అంతకు ముందేడాదితో పోలిస్తే సున్నా కిందికి దిగింది. డిఫ్లేషన్ వచ్చేసిందన్న చర్చ మొదలైంది. ఇళ్లలో చూస్తే పప్పులు, చక్కెర ధరలు మండిపోతున్నాయి. 2008 వేసవిలో చమురు ధర ఆకాశంలో ఉండటంతో, దానిపక్కన 2009 లెక్క చిన్నదిగా కనిపించింది.

అసలు డిఫ్లేషన్ ఎలా ఉంటుందో 1930ల నాటి డెల్టా రైతులకు తెలుసు. 1929లో మొదలైన ప్రపంచ మాంద్యంతో ధాన్యం ధర సుమారు సగానికి పడిపోయింది. ప్రామిసరీ నోటు మీద అంకె మాత్రం తగ్గలేదు. పది బస్తాలమ్మితే తీరే బాకీకి ఇరవై బస్తాలు అమ్మాలి. శిస్తూ అంతే. అందరూ ఒక్కసారే అమ్ముకోబోతే ధర ఇంకా దిగుతుంది. కట్టేకొద్దీ అప్పు బరువెక్కే ఈ విడ్డూరాన్ని అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1933లో వివరించాడు. జేబులో రొక్కమున్నవాడికీ, వడ్డీ వ్యాపారికీ మాత్రం ఆ రోజులు కలిసొచ్చాయి.

చివరికి 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం రైతుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు రైతులు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి బాకీపడ్డ వడ్డీని రద్దు చేసింది.