పనిశాలలో పొరపాటుకూ పద్దు ఉండాలి

టేకులపల్లి మండలంలో రెండు లోకాల యంత్రాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. కోయగూడెం ఉపరితల గనిలో సింగరేణి వారి భారీ యంత్రాలు ఒకవైపు; పత్తి, మొక్కజొన్న, వరి చేలలో ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు మరొకవైపు. గనిలో ప్రమాదం జరిగితే చట్టం ప్రకారం అధికారులకు తెలియజేయాలి, రిజిస్టరులో నమోదు చేయాలి. అదే మండలంలో వెల్డింగు షాపులోనో, కళ్లంలోనో ఒకరి వేలు నలిగితే ఆచరణలో ఏ పద్దూ ఉండదు. "చూసుకోకుండా చేశాడు" అన్న ఒక్క మాటతో విచారణ ముగుస్తుంది.

ఏమరుపాటు కొత్తవారి లోపమేనని అనుకోవడం సరికాదు. కొత్తగా చేరిన కుర్రవాడు ప్రతి మెట్టునూ చూసుకుంటూ భయంభయంగా పని చేస్తాడు. చేయి తిరిగిన మేస్త్రీకి పని అలవాటైపోతుంది. చేతులు పనిలో, మనసు మరొకచోట ఉంటాయి. లేత్ మిషనుకు చక్ కీ వదిలేసి స్విచ్ వేసేది తరచుగా అటువంటి క్షణంలోనే.

మరికొన్ని పొరపాట్లు షాపులో పుట్టి పొలంలో బయటపడతాయి. మొక్కజొన్న గింజలు ఒలిచే యంత్రానికి నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారు, దానికి 10 సెం.మీ. పుల్లీ, డ్రమ్ముకు 24 సెం.మీ. పుల్లీ ఉన్నాయనుకుందాం. బెల్టు జారుడును పక్కన పెడితే డ్రమ్ము 600 చుట్లు తిరుగుతుంది. మరమ్మతులో చేతికందిన 15 సెం.మీ. పుల్లీని మోటారుకు బిగిస్తే ఆ వేగం 900కు చేరుతుంది. కండెపై పడే దెబ్బ శక్తి రెండింతలు దాటుతుంది. యంత్రం చక్కగానే తిరుగుతుంది. గింజ మాత్రం పగులుతుంది. పగిలిన గింజకు బూజు, పురుగు త్వరగా పడతాయి. రైతు విత్తనాన్నో, తేమనో నిందిస్తాడు. తప్పు జరిగినట్లు మేస్త్రీకి ఎన్నడూ తెలియదు, కనుక నేర్చుకునే అవకాశమూ లేదు.

జపాను ఇంజనీరు షిగియో షింగో 1961లో ఎదుర్కొన్న సమస్య చిన్నదే. స్విచ్ బొత్తాము కింద రెండు స్ప్రింగులు పెట్టవలసిన కార్మికులు అప్పుడప్పుడు ఒకటి మరిచేవారు. ఆయన సూచన ప్రకారం ముందుగా రెండు స్ప్రింగులనూ చిన్న పళ్లెంలో ఉంచి, ఆ తర్వాతే పని మొదలుపెట్టారు. పళ్లెంలో ఒకటి మిగిలితే మరుపు అక్కడికక్కడే పట్టుబడుతుంది. ఇందుకు కావలసింది ఒక పళ్లెం మాత్రమే!

మన పనిశాలలకూ ఇది సాధ్యమే. పుల్లీ కొలతను యంత్రం ఒంటి మీదనే పెయింటుతో రాయవచ్చు. ఏ పనిలో, ఏ మెట్టు దగ్గర తప్పు జరిగిందో, తర్వాత ఏమి మార్చారో పేర్లు లేకుండా ఒక నోటుపుస్తకంలో రాయవచ్చు. వ్యవసాయ ఇంజనీరింగు శాస్త్రవేత్తలు ఏటా కోతల అనంతరం ఆ పుస్తకాలను చదివితే, ప్రయోగశాలలో దొరకని సమాచారం లభిస్తుంది.

తప్పును శిక్షించకపోతే నిర్లక్ష్యం పెరుగుతుందన్న అభ్యంతరం ఉంది. అందులో కొంత నిజముంది: మరిచిపోవడం వేరు, తెలిసి బెల్టు గార్డును విప్పి పారేయడం వేరు. అయితే రెండవదానికీ కారణం వెతకాలి. గార్డును నాలుగు బోల్టులతో బిగించినప్పుడు, చెత్త ఇరుక్కున్న ప్రతిసారీ పానా పట్టుకొని నాలుగింటినీ విప్పాలి. కోత రద్దీలో రెండోసారికే అది కళ్లం మూలకు చేరుతుంది. ఒకవైపు బందు, మరొకవైపు గట్టి గొళ్లెం అమర్చితే యంత్రం ఆపి, గార్డు తెరిచి, చెత్త తీసి మళ్లీ మూయడం నిమిషం పని. ఆ బందును వెల్డింగు చేయగల మేస్త్రీ టేకులపల్లిలోనే దొరుకుతాడు.