ఓటర్ల పట్టికకు రెండు త్రాసులు

2023 ఆగస్టు 28వ తేదీన ఢిల్లీలోని ఎన్నికల సంఘమునొద్దకు ఆంధ్రప్రదేశమునుండి రెండు రాయబారములు వెళ్లినవి. ఒకదానికి నాయకులు తెలుగుదేశాధ్యక్షులు చంద్రబాబునాయుడుగారు. రెండవదానికి వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పార్లమెంటు సభ్యులు విజయసాయిరెడ్డిగారు. ఇరుపక్షముల చేతులలోను అర్జీలే. అర్జీలలోని విషయమును ఒక్కటియే. రాష్ట్రపు ఓటర్ల పట్టిక దొంగపేర్లతో నిండినదట! అధికారములోనున్నవారు తమ అనుకూలుర పేర్లు కొట్టివేయించి, లేనివారిని చేర్పించుచున్నారని ఒకరు మొరవెట్టిరి. ఆ దొంగపేర్లు తెలుగుదేశ ప్రభుత్వ కాలముననే చేరినవని రెండవవారు వాదించిరి. ఈ రాయబారములను గూర్చి విని నవ్వుకొనుట సులభము. మేము నవ్వలేకున్నాము.

నాలుగేండ్లు వెనుకకు పోదము. 2019 ఫిబ్రవరిలో జగన్మోహనరెడ్డిగారు ప్రతిపక్ష నాయకులుగా నుండి ఎన్నికల సంఘమునకు ఫిర్యాదు చేయుచు, పట్టికలో 59 లక్షలకు పైగా పేర్లు చెల్లనివనిరి. నాటి ఓటర్ల సంఖ్య మూడున్నర కోట్లకు మించినది. అనగా ఇంచుమించు ఆరుగురిలో నొకడు దొంగయని యర్థము. అధికారపక్షమువారు ఈ లెక్కను ఒప్పుకొనలేదు. ఆ దినములలోనే, పేర్లు తొలగింపుడని కోరు ఏడవ ఫారములు లక్షల సంఖ్యలో ఆన్‌లైనులో వచ్చిపడినవి. ఎవరి పేరిట అర్జీ దాఖలయ్యెనో వారిలో పలువురు, తాము అట్టి అర్జీ పెట్టనేలేదని అధికారుల యెదుట చెప్పిరి. పోలీసు కేసులు నమోదైనవి. ఇక హాహాకారము తెలుగుదేశమువారి వంతయ్యెను. పట్టికను శుభ్రపరచుట నేరమా యని ప్రశ్నించుట ఎదుటివారి వంతయ్యెను.

ఏప్రిల్ 11వ తేదీన పోలింగు జరిగెను. ఏ పట్టిక దొంగదని దేశమంతట చాటిరో ఆ పట్టిక మీదనే 175 స్థానములలో 151 స్థానములు వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు దక్కినవి. గెలిచిన పిదప 59 లక్షల మాట సన్నగిల్లిపోయెను. నిజముగ ఆరుగురిలో నొకడు దొంగయైనచో, దానిని నిరూపించుటకు ఐదేండ్ల అధికారము చాలదా? 2024లో ఫలితము తలక్రిందులయ్యెను. తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతా పక్షముల కూటమికి 164 స్థానములు వచ్చినవి. నాటితో 2023 నాటి అర్జీ కూడ బీరువాలోనికి చేరెను. ఒక్క మాట తెలుగుదేశమువారి పక్షమున చెప్పవలసియున్నది. 2025 జులైలో వారు ఎన్నికల సంఘమునకు వ్రాయుచు, పట్టికల సవరణ పెద్ద ఎన్నికలకు ఆరునెలల లోపల జరుగరాదనియు, అది పౌరసత్వ విచారణగా మారరాదనియు కోరిరి. మంచి మాట. ప్రతిపక్షముననున్నపుడు చూపిన వేగమునే తమ ఇంటి లెక్క తేల్చుటలో కూడ చూపియుండిన మరింత మంచిదై యుండెడిది.

ఆరోపణలన్నియు కల్పితములని మేమనుట లేదు. అనంతపురము జిల్లా ఉరవకొండ నియోజకవర్గమున ఓట్ల తొలగింపులో జరిగిన అక్రమములకుగాను, జిల్లాపరిషత్తు ముఖ్యకార్యనిర్వహణాధికారులుగా పనిచేసిన యిరువురు 2023లో సస్పెండు చేయబడిరి. 2021 తిరుపతి లోకసభ ఉపఎన్నిక సందర్భమున ఒక అధికారి లాగిన్‌తో ముప్పదివేలకు మించిన ఓటరు కార్డులు అక్రమముగ దిగుమతి యయ్యెనని తేలగా, 2024 జనవరిలో ఆయనపైని సస్పెన్షను వేటు పడెను. కావున తోడేలు వచ్చెనని కేకవేయువాడు ప్రతిసారియు అబద్ధమాడుట లేదు. తన మంద పోయినపుడు మాత్రమే కేకవేయుచు, పొరుగువాని మందను తోడేలు పట్టినపుడు కిటికీ మూసికొనుచున్నాడు. మా ఆక్షేపణ అంతమాత్రమే.

న్యాయవాద వృత్తిలో నుండుటచేత ఒక సంగతి విప్పి చెప్పవలెనని తోచుచున్నది. మన నాయకులు మూడు వేర్వేరు విషయములను ఒకే మూటగా కట్టి సభలలో విసరుచున్నారు. చనిపోయినవాని పేరు పట్టికలో మిగిలియుండుట, కాపురము మార్చిన యాతని పేరు రెండు ఊళ్లలో నుండుట, ఇవి పట్టికలోని దోషములు. తెలిసి అబద్ధపు ప్రకటన వ్రాసి పేరు చేర్పించుట, లేదా తీయించుట, నేరము. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టపు 31వ సెక్షను క్రింద ఒక ఏడాది వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. ఒకరి పేరిట వేరొకరు పోయి ఓటు వేయుట మూడవది. మొదటిదానిని లెక్కించి, మూడవది జరిగినట్లు చాటుటయే 59 లక్షల వంటి అంకెలకు పుట్టుక. ఇరుపక్షముల యందును ఈ భేదమెరిగిన వకీళ్లు లేకపోలేదు. తమ పక్షము గెలిచినపుడు దోషములని, ఓడినపుడు దొంగతనములని వారే వ్రాసి యిచ్చుచున్నారు.

పైగా చేర్పునకును తీతకును భేదము కలదు. లేనిపేరు చేర్చినవాడు ఓటు వేయించుటకు మరల ఒక మనిషిని తేవలయును, ఆ మనిషి ఏజెంట్ల కన్నుగప్పవలయును, వ్రేలికి సిరా పూయించుకొనవలయును. ఉన్నపేరు తీసివేయుటకు ఇవేమియు నక్కరలేదు. పోలింగునాటి ఉదయమువరకు ఆ సంగతి ఎవనికిని తెలియదు. అందుచేతనే పేరు తొలగించుటకు ముందు ఆ ఓటరు వాదము వినవలెనని చట్టపు 22వ సెక్షను శాసించుచున్నది. లాల్ బాబు హుస్సేన్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ ధర్మమునే గట్టిగా చెప్పినది.

2018 డిసెంబరు 7వ తేదీన తెలంగాణ శాసనసభ పోలింగునాడు హైదరాబాదులో ఒక కేంద్రమునొద్ద మేము స్వచ్ఛందసేవకు నిలిచియుంటిమి. కార్డు చేతబట్టుకొని వచ్చిన ఒక ముసలమ్మ పేరు పట్టికలో లేదు. మూడు వరుసలు తిరిగినది. "పోయినసారి ఏసిన గద బిడ్డా, ఇప్పుడు నా పేరు ఏడికి పోయింది?" అని మమ్ము అడిగినది. మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆ దినముననే రాష్ట్రపు ముఖ్య ఎన్నికల అధికారి పేర్లు గల్లంతైనవారికి క్షమాపణ చెప్పిరి. ఆమెకు ఆ క్షమాపణతో ఓటు రాలేదు.

నాడు ప్రతిపక్షముననున్న కాంగ్రెసువారు ఆ పట్టికలపై న్యాయస్థానములకెక్కిరి. అధికారముననున్న టి.ఆర్.ఎస్. వారికి అందులో పెద్ద లోపమేమియు కనబడలేదు. ఏడేండ్లు గడచినవి. 2025 నవంబరులో జూబిలీహిల్సు ఉపఎన్నిక వచ్చెను. అదే పక్షము బి.ఆర్.ఎస్. పేరుతో, దొంగ ఓట్లు చేర్చిరని అధికారులకు ఫిర్యాదు చేసి హైకోర్టు మెట్లెక్కెను. అప్పటికి మూడునెలలుగా దేశమంతట 'ఓటు చోరీ' యని నినదించుచున్న కాంగ్రెసువారు, తాము పాలించు రాష్ట్రములో ఆ మాట వినబడగానే తోసిపుచ్చిరి! కర్ణాటకములో నైతే, ఆ పట్టికలు మన ప్రభుత్వమున్నపుడే తయారైనవిగదా, మనమేల ఊరకుంటిమి అని అడిగిన మంత్రి రాజన్నగారు 2025 ఆగస్టులో పదవినే కోల్పోయిరి.

న్యాయాధిపతి స్థానముననున్న ఎన్నికల సంఘముసైతము ఈ దోషమునకు అతీతముగా నిలువలేదు. మహదేవపుర నియోజకవర్గమున లక్షకు పైగా దొంగ ఓట్లు కలవని 2025 ఆగస్టు 7న రాహుల్ గాంధీగారు ఆరోపింపగా, ఏడు దినములలో ప్రమాణపత్రము ఇమ్ము, లేనిచో దేశమునకు క్షమాపణ చెప్పుమని ప్రధాన ఎన్నికల కమిషనరు 17వ తేదీన గడువు పెట్టిరి. ఆరోపించువాడు ప్రమాణము చేయవలెననుటలో తప్పు లేదు. కాని నాలుగు దినములకు ముందే, 13వ తేదీన, అధికారపక్షపు అనురాగ్ ఠాకూర్‌గారు రాయబరేలీ, వయనాడు, డైమండ్ హార్బరు పట్టికలపై అట్టి నిందయే మోపిరి. ఆయనకు అట్టి గడువు పెట్టబడలేదు.

బీహారులో 2025 ఆగస్టు 1వ తేదీ ముసాయిదానుండి జారిపోయిన 65 లక్షల పేర్లను, కారణములతోసహా ప్రకటింపుడని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆజ్ఞాపించినది. అదే పద్ధతి మన తెలుగు రాష్ట్రములలో ప్రతి గ్రామసచివాలయము గోడమీదను, ప్రతి పట్టణపు వార్డు కార్యాలయములోను ఏల నుండరాదు? తీసివేసిన పేరు, కారణము, తీయుడని కోరిన అర్జీదారుని పేరు, మూడును ప్రక్కప్రక్కన వ్రేలాడదీయుడు. ఏ పక్షము ఎవరిమీద ఎన్ని అర్జీలు పెట్టెనో ఊరివారే లెక్కించుకొందురు.

ఇక ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును మేమడుగునది ఒక్కటి కలదు. 2019లో ఇతరుల పేరిట ఏడవ ఫారములు దాఖలు చేసినందుకు పోలీసులు నమోదు చేసిన కేసులు కలవు. నాడు బాధితులమని చెప్పుకొన్నవారు నేడు అధికారముననున్నారు. నడుమ ఐదేండ్లు వారి ప్రత్యర్థులు పాలించిరి. వానిలో ఎన్నిటికి అభియోగపత్రము దాఖలయ్యెను, ఎన్ని మూయబడెను, ఎందరికి శిక్ష పడెను? రాబోవు శాసనసభా సమావేశమున జిల్లావారీగా ఆ లెక్కను సభ ముందుంచవలెను. ఆ జాబితాలో ఏ పక్షమువారి పేర్లున్నను, ఇరుపక్షములవారివి కలిసియే యున్నను, మా పత్రికలో సంపూర్ణముగ ప్రకటింతుము.